ఓడ పట్టీలో ఊరిపేరు

పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, మద్రాసు వంటి రేవుల నుంచి చెరకు తోటల పనికి మారిషస్‌కూ, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కూ, ఆ తరువాత ఫిజీ దీవులకూ ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీల సంతతివారు, నాలుగైదు తరాలు గడిచాక, పూర్వికుల ఊళ్ళను వెతుక్కుంటూ చిత్తూరు, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు వస్తున్నారు. సాధారణంగా అయిదేళ్ళ కట్టుబాటు పత్రం మీద పనికి కుదిరి వెళ్ళిన ఈ కూలీలు ఆ పత్రాన్ని ‘గిర్మిట్’ అనడం వల్ల చరిత్రకారులు వారిని గిర్మిటియాలని వ్యవహరిస్తున్నారు. ఇలా ఊరికి వచ్చి వెతకడం వల్ల కుటుంబ చరిత్ర నిజంగా తెలుస్తుందా, లేక వచ్చినవారికి తృప్తి మాత్రమే మిగులుతుందా అన్న ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. లిఖిత ఆధారాన్ని తప్ప మరొకదాన్ని సాక్ష్యంగా ఒప్పుకోనివారిని ఇక్కడ పత్రవాది అనీ, ఊరి నేల, వాడలు, దేవతలు, ముసలివారి జ్ఞాపకాలు కాగితంతో సరితూగే ఆధారాలనే వారిని గ్రామవాది అనీ పేర్కొని ఆ వాదప్రతివాదాలను సంవాద రూపంలో ఇవ్వడమైంది. శాస్త్ర గ్రంథాల్లో పూర్వపక్షం ఓడిపోవడానికే పుడుతుంది గాని ఈ సంవాదంలో అటువంటి ఏర్పాటు లేదు.

పత్రవాది: పూర్వికుల ఊరికి వెళ్ళడం పరిశోధనలో చివరి మెట్టు కావలసి ఉండగా, వచ్చేవారిలో ఎక్కువమంది దాన్నే మొదటి మెట్టు చేసుకుంటున్నారు. నేటాల్ విషయమే తీసుకుంటే, 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరినప్పటి నుంచి 1911లో ఆ వలసకు తెరపడే వరకు 1,52,184 మంది కూలీలు అక్కడికి చేరారు. వారిలో అధిక భాగం మద్రాసు నుంచి, మిగిలినవారు కలకత్తా నుంచి వెళ్ళారు. దిగిన ప్రతి మనిషికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి, దాని ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసిన ఓడ పట్టీలు, అంటే ఓడవారీగా తయారైన కూలీల జాబితాలు, ఇప్పటికీ ఉన్నాయి. మారిషస్‌కు వెళ్ళినవారి దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి; 1867 నాటి కూలీ చట్టం తరువాత పాత కూలీలు ఫొటో అంటించిన టికెట్ దగ్గర ఉంచుకోవలసి వచ్చినందువల్ల కొందరి ముఖాలు కూడా దొరుకుతున్నాయి. ఆ సంఖ్య చేతిలో లేకుండా విజయనగరంలో రైలు దిగిన మనిషి తీర్థయాత్ర చేస్తున్నాడే గాని చరిత్ర వెతకడం లేదు.

గ్రామవాది: ఆ పట్టీల విలువను కాదనేవారు లేరు. కాని వాటిలోని ఊరిపేరు ఊరివాడు రాసుకున్నది కాదు, కూలి చెప్పింది మద్రాసు డిపోలో గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కింది. డిపో అంటే ఓడ వచ్చే వరకు కూలీలను ఉంచిన ఆవరణ. అక్కడ రాసిన కొత్తపల్లి ఏ కొత్తపల్లో, రామాపురం ఏ రామాపురమో తేల్చాలంటే పక్క ఊళ్ళ పేర్లు, ఏటి పేరు, సంత పేరు తెలిసినవాడు కావాలి. జిల్లాల సంగతి అంతకంటె చిక్కు. పట్టీలో ఉత్తర ఆర్కాడు అని చూసినవాడు తిన్నగా వేలూరుకు పోతాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఆ జిల్లాలోనివేనని అతనికి ఎవరూ చెప్పరు. గంజాం అని చూసినవాడు ఒడిశాలో తిరుగుతాడు; 1936లో ఒరిస్సా విడిపోయే వరకు శ్రీకాకుళం, టెక్కలి కూడా గంజాం జిల్లాలోనే ఉండేవి, తరువాత విశాఖపట్నంలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం విడి జిల్లా అయింది. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక పాలకొండ ఉన్న చోటనే ఉండి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఇన్ని మార్పుల మధ్య కాగితం మీది జిల్లాపేరు, దాన్ని చదవడం తెలియనివాడిని తప్పుదారి పట్టిస్తుంది.

పత్రవాది: అది కాగితం తప్పు కాదు, చదువరి తప్పు, పాత జిల్లా గెజిటీరు, పాత పటం ఎదుట పెట్టుకుంటే గ్రంథాలయంలోనే ఆ చిక్కు వీడిపోతుంది. సంఖ్య దొరకనివారికి ఊరు చెప్పేది ఏముంది?

గ్రామవాది: సంఖ్య దొరకనివారికి కూడా ఇంటి ఆచారం కొంత చెబుతుంది. మారిషస్ తెలుగువారు సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రామభజనం చేస్తారు. భాషను చాలావరకు మరిచిపోయిన ఇంట్లో కూడా అప్పన్న పేరు నిలిచిందంటే వారి పూర్వికులు సింహాచలం కొండను ఎరిగిన నేల నుంచి వెళ్ళారని అర్థం. ఏ గుమస్తా పట్టీలోనూ కులదైవానికి గడి లేదు.

పత్రవాది: సింహాచలం భక్తులు గంజాం నుంచి గోదావరి దాకా ఉన్నారు. అప్పన్న ప్రాంతాన్ని చూపుతాడు గాని ఊరిని చూపడు, ఇంటిని అసలే చూపడు. పైగా ఒక దీవిలో ఒకచోట చేరినవారు ఒకరి దేవుణ్ణి ఒకరు స్వీకరించి ఉండవచ్చు. గోదావరి మనిషి మనుమడు పక్కింటి విశాఖ మనిషి వ్రతాన్ని పట్టుకుని ఉండవచ్చు. ఇక ఊళ్ళో ఏ దస్తావేజులున్నాయో చూద్దాం. విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో అధిక భాగం 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కింద విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారుల చేతుల్లో ఉండేది. శాశ్వత శిస్తు ఒప్పందం అంటే ప్రభుత్వానికి కట్టవలసిన మొత్తాన్ని జమీందారు పేర ఒక్కసారిగా ఖాయం చేసి, రైతు దగ్గర వసూలు చేసుకునే పనిని అతనికే వదిలిపెట్టడం. ప్రభుత్వానికి రైతుతో నేరుగా లెక్క లేదు గనుక ఆ జమీందారీ ఊళ్ళలో 1880 ప్రాంతపు సాగుదారు పేరు సర్కారు భూమి రిజిస్టర్లలో కనిపించదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సెటిల్‌మెంట్‌తో గాని ఇంటింటి పట్టా లెక్క రాలేదు. రైతుకే ఆ గతి పట్టినప్పుడు, ఉత్తరాంధ్రలో కంబారి అనీ మిగతాచోట్ల పాలేరు అనీ పిలిచే ఏడాది జీతగాడి పేరు ఎవరు రాస్తారు? రైత్వారీ పద్ధతి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి, నడిచిన చిత్తూరు, కడప వైపు సెటిల్‌మెంట్ రిజిస్టర్లు దొరుకుతాయి గాని, వాటిలోనూ భూమి ఉన్నవాడిదే పేరు.

ఇక్కడ పత్రవాది తన వాదానికి బలం తెచ్చుకుంటున్నట్టు కనిపించినా, నిజానికి అవతలి పక్షానికి పదునైన ఆయుధం అందించాడు.

గ్రామవాది: అయితే ఈ వింతను గమనించాలి. అన్నదమ్ములిద్దరిలో ఊళ్ళో ఉండిపోయిన కంబారికి ఒక్క కాగితమూ లేదు. ఓడెక్కిన తమ్ముడికి మాత్రం ఎత్తు ఎంతో, కుడి భుజం మీద మచ్చ ఉందో లేదో కూడా రాసి ఉంది. ఆ శ్రద్ధ ప్రేమతో పుట్టింది కాదు. గడువు తీరకముందే తోట వదిలి పారిపోయినవాడిని గుర్తుపట్టి పట్టుకోవడానికి, ఎవరి కింద ఎన్నాళ్ళు బాకీ ఉన్నాడో లెక్క తేల్చడానికి రాసుకున్న పద్దు అది. యజమానికి ఏది కావాలో అదే రాశారు, అక్కరలేనిది వదిలేశారు. ఆ మనిషి ఊరు ఎందుకు వదిలాడు, అప్పు తీరకనా, వాన పడకనా, మేస్త్రీ మాటలు నమ్మా, ఇంట్లో తగవు వల్లనా అనే గడి పట్టీలో లేదు. కుటుంబ చరిత్ర అడిగే అసలు ప్రశ్నకు మీ కాగితం మౌనమే జవాబు చెబుతుంది.

పత్రవాది: ఆ ప్రశ్నకు ఊరూ జవాబు చెప్పలేదు. ఎనభై ఏళ్ళ ముసలివారు తమ తాతను ఎరుగుదురు, తాత చెప్పగా ఆయన తండ్రి సంగతి కొంత ఎరుగుదురు. 1880 నాటి మనిషి ఆ జ్ఞాపకానికి అవతల ఉంటాడు. అయినా అడిగినవారికి లేదని చెప్పడం మన ఊళ్ళలో మర్యాద కాదు. దూరదేశం నుంచి వచ్చి ‘మా ముత్తాత ఇక్కడివాడే’ అని కళ్ళనీళ్ళు పెట్టుకునే అతిథిని చూసి, ఎవరో ఒకరు ‘అవునవును, మా తాతకు ఒక అన్న ఉండేవాడట, పోయినవాడు పోయినట్టే పోయాడట’ అంటారు. ఆ సాయంత్రానికి ఫొటోలు దిగుతారు, మర్నాటికి గుడి జీర్ణోద్ధరణ మాట వస్తుంది. దక్షిణాఫ్రికా తెలుగువారిలో నాయుడు అనే పేరు ఎంత విస్తారంగా ఉందో చూస్తే ఈ పొరపాటుకు ఎంత చోటుందో తెలుస్తుంది. మన దగ్గర మనిషిని పట్టిచ్చేది ఇంటిపేరు. అక్కడి దస్తావేజుల్లో ఇంటిపేరు రాలిపోయి గౌరవవాచకమైన నాయుడు కుటుంబనామంగా స్థిరపడింది. మారిషస్‌లోనైతే తండ్రిదో తాతదో సొంత పేరే తరువాతివారికి కుటుంబనామమైంది. ఇంటిపేరు లేనివాడు ఏ ఊళ్ళోనైనా ఏ ఇంటివాడైనా కావచ్చు.

గ్రామవాది: మర్యాద కోసం చెప్పే చుట్టరికాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని ఈ పక్షం అనడం లేదు. అయితే ఊరి జ్ఞాపకమంటే అరుగు మీది ముసలివారి మాట ఒక్కటే కాదు. తెలుగునాట వంశాలను కంఠస్థం చేసి చెప్పడమే వృత్తిగా బతికిన ఆశ్రిత కులాలున్నాయి. ఆశ్రిత కులం అంటే ఒక నిర్ణీత కులాన్ని మాత్రమే యాచించి, దాని పుట్టుకథ, గోత్రాలు చెప్పే హక్కు ఉన్న కులం. ఇప్పుడు వంశరాజులని పిలిపించుకుంటున్న పిచ్చుకగుంట్లవారు రైతు కులాల వంశాలు చెప్పారు, డక్కలివారు మాదిగల జాంబపురాణం చెప్పారు, కూనపులివారు పద్మశాలీల కథ చెప్పారు. అక్షరం అక్కరలేని దస్తావేజు అది.

పత్రవాది: దక్షిణ ఇచ్చే ఇంటి వంశాన్నే వారు పొడిగిస్తూ పోయారు. ఊరు విడిచినవాడు దక్షిణ ఇవ్వడు గనుక అతని కొమ్మ అక్కడే తెగిపోతుంది. కులం పుట్టుక గురించి వారు చెప్పేది విలువైనదే, కాని ఓడెక్కిన ఒక మనిషిని వారి పాట పట్టివ్వదు.

గ్రామవాది: ఈ ఒక్క విషయంలో మీ మాట ఒప్పుకోవలసిందే. అందుకే ఊళ్ళో మనిషిని వెతకడం మానేసి వాడను వెతకమని చెప్పవలసి వస్తోంది. చెరువు ఎటు ఉంది, వాడ ఎటు ఉంది, తడి నేల ఎవరిది, మెట్ట ఎవరిది, మంచినీటి బావికి ఎంత దూరం నడవాలి అన్నవి చూసినవాడికి ఆ వాడ మనుషులు కరువు వచ్చినప్పుడు అందరికంటె ముందు ఎందుకు కదిలారో అర్థమవుతుంది. 1866లో ఆగిపోయిన నేటాల్ వలస 1874లో మళ్ళీ మొదలైంది. ఆ వెంటనే 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని మహాక్షామం పట్టి కడప, కర్నూలు, బళ్ళారి, ఉత్తర ఆర్కాడు జిల్లాలను కాల్చివేసింది. ఈ తేదీలు పుస్తకంలో దొరుకుతాయి, కాని ఆ ఊరి ఎండిన మెట్ట మీద నిలబడితే తప్ప అవి ఒక కుటుంబానికి అన్వయించవు.

పత్రవాది: వాడ అన్న మాట వచ్చింది గనుక, ఈ యాత్రలు చేసేవారు మాట్లాడుకోని సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఊళ్ళో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండోది సూటిగా గాని చుట్టు తిప్పి గాని కులం. తోటల్లోని కూలి లైన్లలో అన్ని కులాలవారూ ఒకే వరుస గదుల్లో ఉండి, ఒకే కుళాయి నీళ్ళు తాగి, స్త్రీలు తక్కువగా ఉన్నందువల్ల కులం దాటి పెళ్ళిళ్ళు చేసుకుని, చాలావరకు వదిలించుకున్నదాన్ని ఈ ప్రయాణం వారి మనుమల నెత్తిన మళ్ళీ పెడుతోంది. నాలుగు తరాలుగా నాయుడని రాసుకుంటున్నవారు పట్టీలో తమ పూర్వికుడి ఎదుట మాల అనో మాదిగ అనో చూసి పట్టీనే తప్పంటారు. ఊళ్ళో ఎవరో ‘మీరు పెద్దింటివారే’ అంటే మాత్రం దాన్ని చరిత్ర అంటారు. ఊరి సాక్ష్యానికి ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో ఆలోచించాలి.

గ్రామవాది: గిరాకీ సంగతి నిజమే, కాని పట్టీలోని కులం గడి కూడా శిలాశాసనం కాదు. పొలం పని తెలిసినవారే కావాలని తోటల యజమానులు అడిగినప్పుడు చేతిపని కులాలవారు వ్యవసాయ కులం పేరు చెప్పుకున్నారు. ఇంటివారు వెతుక్కుంటూ వస్తారన్న భయంతో పేరు మార్చుకున్నవారు కులమూ మార్చుకున్నారు. దళిత కుటుంబాల విషయంలో కాగితం లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు; వారిలో అత్యధికులు మాదిగలు. భూమి రిజిస్టరుకు ఎక్కనివారు చర్చి రిజిస్టరుకు ఎక్కారు. ఆ నేల నుంచి నేటాల్ వెళ్ళిన తెలుగు బాప్టిస్టుల కోసం 1903లో జాన్ రంగయ్య అనే బోధకుణ్ణి నెల్లూరు నుంచి అక్కడికి పంపారు గనుక, రెండు తీరాల మధ్య సంబంధం చర్చి ద్వారా నిలిచింది.

పత్రవాది: చర్చి రిజిస్టరు కాగితమే కదా.

గ్రామవాది: కాగితమే, కాని అది డర్బన్‌లో లేదు, మోకాలో లేదు. దాని కోసం ఊరికి వెళ్ళాలి, పాస్టరుగారి నమ్మకం సంపాదించాలి, బీరువా తీయించాలి.

వాదం ఇక్కడ కొంతసేపు చల్లబడింది. ఇద్దరూ ఇంతవరకు ప్రస్తావించని సంగతి ఒకటుంది. ఒక మనిషికి ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిదిమంది ఉంటారు. వచ్చేవారు ఆ ఎనిమిదిమందిలో కుటుంబనామం ఇచ్చిన ఒక్క మగవాడి ఊరినే వెతుకుతారు. నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండాలన్న నిబంధన ప్రకారం ఓడలెక్కించిన ఆడవారిలో భర్తతో వెళ్ళినవారు కొందరైతే, వితంతువులు, భర్త వదిలేసినవారు, ఒంటరిగా ఊరు దాటినవారు మరికొందరు. ఒంటరిగా వెళ్ళిన స్త్రీ చెప్పిన ఊరు పుట్టిల్లో అత్తిల్లో పట్టీ చెప్పదు. పుట్టింటికీ అత్తింటికీ కాని స్త్రీని జ్ఞాపకం పెట్టుకోవలసిన అవసరం ఊరికీ లేకపోయింది. పత్రవాది గాని గ్రామవాది గాని ఆమె గురించి వాదించలేకపోవడం ఈ సంవాదంలోని పెద్ద లోటు.

పత్రవాది: ఊరి ఆదరణ గురించి మరొక్క మాట. 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం దక్షిణాఫ్రికా ప్రభుత్వం డబ్బిచ్చి మరీ భారతీయులను వెనక్కి పంపింది. అలా వచ్చినవారి స్థితిని పరిశీలించి భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది 1931లో ఒక నివేదిక ప్రకటించారు. వచ్చినవారికి ఊళ్ళో చోటు దొరకలేదు, కులంలో చోటు దొరకలేదు, అక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడి బతుకు అలవడలేదు. ఆనాడు చేతులు ఖాళీగా తిరిగొచ్చిన మనిషిని వెళ్ళగొట్టిన ఊరే ఈనాడు అతని మునిమనుమడికి దండ వేస్తోంది. ఈ దండను సాక్ష్యంగా ఎవరు తీసుకోవాలి?

గ్రామవాది: ఎవరూ తీసుకోనక్కరలేదు. వెళ్ళగొట్టడం కూడా ఆ కుటుంబ చరిత్రలో భాగమే, దాన్ని దండతో కప్పిపెట్టడం తప్పు. అయితే ఇప్పుడు వచ్చేవారందరినీ దండ కోసం వచ్చేవారిగా చూడటమూ తప్పే. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మారిషస్ పర్యటనలో, భారత సంతతికి చెందిన మారిషస్ పౌరులు ఏడో తరం వారైనా ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డుకు అర్హులయ్యే వెసులుబాటును ప్రకటించారు. ఆ తరువాత పూర్వికుడి ఊరు, పేరు రుజువు చేసుకోవడం మనసుకు సంబంధించిన విషయమే కాక కార్యాలయానికి సంబంధించిన పని కూడా అయింది.

పత్రవాది: కార్యాలయం అడిగేది కాగితమే.

గ్రామవాది: ఆ కాగితంలో ఉన్నది ఏ ఊరో చెప్పగలిగినవాడు ఊళ్ళోనే ఉంటాడు. అతను మాజీ కరణం కొడుకో, మనుమడో అయి ఉండవచ్చు. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ఊరి లెక్కలన్నీ తహసీలు కచేరీకి చేరలేదు. పాత దస్త్రాలు కొన్ని ఇళ్ళ అటకల మీదనే ఉండిపోయి చెదలకు ఆహారమవుతున్నాయి. వాటిని రాష్ట్ర పురాభిలేఖాగారానికి, అంటే ప్రభుత్వ పాతపత్రాల భాండాగారానికి, అప్పగించమని అడిగితే పత్రవాదికైనా అభ్యంతరం ఉండకూడదు.

పత్రవాదికి అభ్యంతరం లేకపోయింది. అతను చివరగా లేవదీసిన విషయం మాత్రం ఈ వ్యాసం చదివే తెలుగువారికే సంబంధించినది. ఇంతవరకు వెతుకులాట సముద్రం అవతలి నుంచే సాగుతోంది; డర్బన్, పోర్ట్ లూయీ, సువా నుంచి మనుమలు వస్తున్నారు గాని, ఓడెక్కిన అన్న కోసమో తమ్ముడి కోసమో ఇక్కడి నుంచి వెతికిన కుటుంబాలు అరుదు. ఇంటి మనిషి ‘రంగం’ పోయాడని, అంటే రంగూను పోయాడని, చెప్పుకునే కుటుంబాలు ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. బర్మా వెళ్ళినవారిలో అధికులు కట్టుబాటు పత్రం లేకుండా మేస్త్రీల వెంట వెళ్ళినందువల్ల వారికి ఇటువంటి మనిషివారీ పట్టీలు లేవు. కాని పోయినవాడు మద్రాసు మీదుగా పోయాడని గాని, చెరకు తోటకు పోయాడని గాని ఇంట్లో ఎవరైనా అనేవారుంటే, అతని పేరు, అతని తండ్రి పేరు, ఊరు, నాటి తాలూకా, పోయిన సుమారు కాలం ఒక కాగితం మీద రాసి, నేటాల్, మారిషస్, ఫిజీ పట్టీలను మనిషి పేరుతో కాక ఊరిపేరుతో వెతికించాలి. మనుషుల పేర్ల కంటె ఊళ్ళ పేర్లు తక్కువగా మారాయి. ఒకే ఊరి నుంచి ఒకే ఓడలో వెళ్ళినవారు పట్టీలో పక్కపక్క సంఖ్యల్లో కనిపించే అవకాశమూ ఉంది. ఇంట్లో ఆ సంగతి తెలిసిన చివరి మనిషి ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.